చిన్న గ్రాంటు వల్ల సంఘం బలపడుతుందా? కోశాధికారిగా నేను చూసినది

"స్థానిక క్రైస్తవ సంఘాలకు చిన్న గ్రాంట్లు ఇస్తే అవి నిజంగా బలపడతాయా, లేక బయటి సొమ్ముకు అలవాటుపడి విశ్వాసులు కానుకలు తగ్గించేస్తారా?" అని మీరు అడిగారు. ఎనభై కుటుంబాలున్న ఒక సంఘానికి నేను తొమ్మిదేళ్లు కోశాధికారిగా ఉన్నాను. ఆ కాలంలో మాకు ఒక్కసారే గ్రాంటు వచ్చింది. అది మా నాలుగు నెలల కానుకలకు మించని మొత్తం. ఆ అనుభవాన్ని బట్టి చెబుతున్నాను, సంఘాలు తప్పకుండా బలపడతాయి. అయితే మాకు కలిగిన బలంలో ఎక్కువ భాగం డబ్బు చేతికి రాకముందే, దరఖాస్తు రాసే రోజుల్లోనే కలిగింది.

మేము మొదట రాసిన దరఖాస్తు ఒక మైకు సెట్టు కోసం, నూరు కుర్చీల కోసం. పెద్దల సమావేశంలో అరగంటలో తీర్మానం అయిపోయింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మూడు వారాల తరువాత గ్రాంటు ఇచ్చే సంస్థ నుంచి ఆ కాగితాలు తిరిగి వచ్చాయి. చివరి పుట అంచున చేతిరాతతో ఒకే ప్రశ్న ఉన్నది: మీ ప్రహరీ గోడకు అవతల ఉన్నవారికి ఏమి కావాలో ఎవరిని అడిగి తెలుసుకున్నారు? పెద్దల్లో చాలామంది నొచ్చుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఆరాధిస్తున్నవారికి చుట్టుపక్కల సంగతులు ఇంకొకరు చెప్పాలా అని ఒకరు అన్నారు. ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసి స్త్రీల సమాజాన్ని నడిపిస్తున్న ఒకావిడ మాత్రం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, నా వైపు తిరిగి, "బ్రదర్, మనం ఎవరినీ అడగలేదు కదండీ" అన్నారు. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ తరువాతి నాలుగు ఆదివారాలు, మధ్యాహ్నం వేళ, ఇద్దరిద్దరు చొప్పున పదహారు మందిమి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లాము. కరపత్రాలు తీసుకువెళ్లకూడదని, ప్రార్థన చేస్తామని మేముగా అనకూడదని, "ఈ వీధిలో ఎవరికి ఏ కష్టం ఉన్నది?" అని మాత్రమే అడిగి, విన్నది విన్నట్టు రాసుకోవాలని అనుకున్నాము. మా వంతుకు వచ్చిన ఇళ్లలో ఒకటి సరిగ్గా మా గోడ వెనుకే ఉన్నది. అక్కడ ఒక పెద్దాయన, పక్షవాతంతో మంచాన పడిన భార్యను పదకొండేళ్లుగా ఒక్కడే చూసుకుంటున్నారు. నన్ను లోపలికి పిలిచి, స్టూలు తుడిచి కూర్చోబెట్టి, ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది: "ప్రతి ఆదివారం మీ పాటలు ఇక్కడికి బాగానే వినపడతాయండీ. నాకు డబ్బు వద్దు. వారానికి ఒక్క గంట ఈవిడ దగ్గర ఎవరైనా కూర్చుంటే, నేను బయటికి వెళ్లి వస్తాను." మా పాటలు ఆయనకు పదకొండేళ్లుగా వినపడుతూనే ఉన్నాయి. అయినా మేము ఆ పాటలు ఇంకా గట్టిగా వినపడేలా మైకు సెట్టుకే సొమ్ము అడిగాము. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి భోజనానికి కూర్చోలేకపోయాను.

నలభై ఏడు ఇళ్ల నుంచి వచ్చిన కాగితాలను నేలమీద పరచి చూసినప్పుడు, తొమ్మిది ఇళ్లలో ఇదే పరిస్థితి కనిపించింది. మంచాన ఉన్న ఒక మనిషి, ఆ మనిషిని విడిచి కదలలేని ఇంకొక మనిషి. మైకు సెట్టును పక్కన పెట్టి, ఈ తొమ్మిది ఇళ్ల కోసం దరఖాస్తును మళ్లీ రాశాము. ఒక నర్సు వచ్చి మా వాళ్లకు ఆరు రోజులు శిక్షణ ఇవ్వడానికి, గాలి నింపే పరుపులైన మూడు ఎయిర్ బెడ్లకు, ఒక చక్రాల కుర్చీకి, చేతి తొడుగులు వంటి చిన్న సామగ్రికి మాత్రమే సొమ్ము అడిగాము. మంచం మీద కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర ఒత్తిడికి చర్మం దెబ్బతిని బెడ్‌సోర్లు అనే పుండ్లు పడతాయని, తిప్పేటప్పుడు లాగకుండా దుప్పటితో సహా ఎత్తాలని, మింగడం కష్టంగా ఉన్నవారిని పడుకోబెట్టి తాగించకూడదని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. ఇరవై ఇద్దరు శిక్షణ పొందారు, పద్నాలుగు మంది చివరి వరకు నిలబడ్డారు.

శిక్షణ ముగిశాక మొదటి గురువారం మేము వెళ్లినప్పుడు గోడ వెనుక ఇంటి పెద్దాయన చొక్కా మార్చుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన గుమ్మం దాటి, రెండు మెట్లు దిగి, మూడవ మెట్టు మీద కూర్చున్నారు. మేము ఉన్న రెండు గంటలూ అక్కడే గోడకు తల ఆనించి నిద్రపోయారు. లోపల భార్యకు మాట రాదు గాని, కళ్లతో వాకిలి వైపు చూపించి ఆయన ఎక్కడ ఉన్నారని అడిగింది. నిద్రపోతున్నారని చెప్తే కళ్లు మూసుకుని తానూ పడుకున్నది. ఆయన వీధి చివరి వరకు నడవడానికి ఇంకా మూడు వారాలు పట్టింది. ఆ ఇంట్లో మేము వాక్యం చెప్పలేదు. మాలో కొందరికి అది నచ్చలేదు, ఇంత శ్రమపడి సువార్త చెప్పకుండా రావడం ఏమిటని గట్టిగానే అడిగారు. ఆపదలో ఉన్నవాడు కాదనలేని స్థితిలో ఉన్నప్పుడు అతనికి మన వాక్యం వినిపించడం అన్యాయమని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అడిగినవారికి చెప్పాము, అడగనివారి దగ్గర కూర్చున్నాము.

గ్రాంట్లు ఇచ్చే సంస్థల పెద్దలకు ఇక్కడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. రెండవ విడత సొమ్ము మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది, ఖర్చుల నివేదిక మాత్రం గడువు రోజుకే కావాలన్నారు. పైగా ప్రతి నివేదికతో "లబ్ధిదారుల ఛాయాచిత్రాలు" జతచేయాలని ఒక గడి ఉన్నది. ఒంటి మీద బట్ట సరిగా నిలవని స్థితిలో మంచం మీద ఉన్న స్త్రీని ఏ ముఖంతో ఫొటో తీస్తాము? మా ఇంట్లో తల్లి అలా ఉంటే తీయనిస్తామా? నేను ఆ గడికి బదులుగా మా వంతుల పుస్తకంలోని రెండు పుటలను ఫొటో తీసి పంపాను. ఏ రోజు ఎవరు ఏ ఇంటికి వెళ్లారు, ఎన్ని గంటలకు వచ్చారు, రోగిని ఎన్నిసార్లు తిప్పారు అన్నది వాటిలో సంతకాలతో సహా ఉన్నది. పని జరిగిందనడానికి అంతకంటే ఏ ఋజువు కావాలో నాకు అర్థం కాదు.

ఇక ఆధారపడటం గురించి మీరు వెలిబుచ్చిన భయం చాలా పాతది, చాలా న్యాయమైనది కూడా. పందొమ్మిదవ శతాబ్దంలోనే ఇంగ్లండులో హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ అనే మిషనరీ సంస్థల కార్యదర్శులు, స్థానిక సంఘం తన్ను తానే పోషించుకోవాలి, తన్ను తానే పాలించుకోవాలి, తానే వ్యాపించాలి అని వాదించారు. చైనాలో పనిచేసిన అమెరికన్ మిషనరీ జాన్ నీవియస్ 1890లో కొరియాకు వెళ్లి అక్కడి మిషనరీలకు ఇదే బోధించాడు, కొరియా సంఘాలు ఆ దారిలోనే పెరిగాయి. మన దేశంలో 1905లో భారతీయ క్రైస్తవులే నడిపే నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందు నిలిచిన, తరువాత దోర్నకల్ బిషప్పు అయిన వి. ఎస్. అజరయ్య గారూ పరదేశపు సొమ్ము లేకుండా పని నడవాలనే కోరారు. వీరి మాటను నేను పూర్తిగా అంగీకరిస్తాను. మాకు తెలిసిన ఒక సంఘానికి పెద్ద మొత్తం వచ్చింది. దానితో హాలు కట్టారు, రెండేళ్లలో కానుకలు సగానికి పడిపోయాయి, విద్యుత్ బిల్లు కట్టలేక ఆ హాలుకు తాళం వేశారు. అయితే ఆ నష్టానికి కారణం గ్రాంటు పరిమాణమే అని నా దృఢమైన అభిప్రాయం. సంఘం ఏడాది కానుకల్లో మూడవ వంతుకు మించిన గ్రాంటు ఏ సంఘానికీ ఇవ్వకూడదు. ఆ మేరకు ఉన్న సొమ్ము మనుషులను కదిలిస్తుంది, అంతకు మించితే కూర్చోబెడుతుంది. ఇంగ్లండులో నగరాల పేదరికంపై 1985లో వచ్చిన నివేదిక తరువాత, 1987లో అక్కడి ఆంగ్లికన్ సంఘం ఏర్పరచిన చర్చ్ అర్బన్ ఫండ్ అనే నిధి పేదపేటల్లోని సంఘాలు చేసే పనులకు గ్రాంట్లు ఇచ్చింది. అటువంటి నిధులు ఏ దేశంలో ఉన్నా, ఆ పేటల్లో ముందునుంచీ కాపురమున్నవారి చేతికి ఆ సొమ్మును అందించడమే సరైన పద్ధతి.

ఇంకొక విషయం నేను కోశాధికారిగా పట్టుబట్టి చేయించాను. గ్రాంటు సొమ్మును పాస్టరు గారి పేరున ఉన్న ఖాతాలో వేయకుండా సంఘం పేరున వేరే ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం ఉంటేనే తీసేలా పెట్టాము. ప్రతి నెల మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక రసీదులతో సహా లెక్క చదివాను. పాస్టరు గారు మొదట కొంచెం ఇబ్బంది పడ్డారు, తనను అనుమానిస్తున్నామనుకున్నారు. యెరూషలేములోని బీదల కోసం పోగైన చందాను తీసుకువెళ్లేటప్పుడు పౌలు కూడా ఒంటరిగా వెళ్లలేదని, సంఘాలు ఏర్పరచిన ఒక సహోదరుణ్ణి వెంట ఉంచుకున్నాడని, ఎవరూ తప్పుపట్టకుండా ఉండేందుకే అలా చేశాడని రెండవ కొరింథీ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో ఉన్న భాగాన్ని ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, తరువాతి నెల నుంచి లెక్కల పుస్తకాన్ని తానే ప్రసంగ వేదిక మీదికి తెచ్చి నాకు ఇచ్చేవారు. లెక్క చదవడం మొదలయ్యాక మా కానుకలు తగ్గలేదు. గ్రాంటు నడిచిన ఏడాదిన్నరలో ప్రతి త్రైమాసికంలోనూ కొంచెం కొంచెం పెరిగాయి. తమ రూపాయి ఏ ఇంటి మంచం దగ్గరికి వెళ్లిందో విన్నవారు ఇవ్వడానికి వెనుకాడరు.

ఆరాధనలో కూడా మార్పు వచ్చింది. అంతకుముందు మా విజ్ఞాపన ప్రార్థనలో "రోగుల కొరకు, వృద్ధుల కొరకు" అని ఒకే ఊపిరిలో దాటిపోయేవాళ్లము. ఇప్పుడు ప్రార్థన నడిపించే యౌవనస్థులు ఆ తొమ్మిది ఇళ్లను, పేర్లు బయటపెట్టకుండా, ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుని ఆగుతారు. ఎప్పుడూ వెనుక వరుసలో కూర్చుని ముగింపు ప్రార్థనకు ముందే వెళ్లిపోయే ఒక కుర్రవాడు, వంతుల పుస్తకం ఎవరి దగ్గర ఉన్నదో కనుక్కోవడానికి చివరి వరకు ఉండటం మొదలుపెట్టాడు.

గ్రాంటు ముగిసి నాలుగేళ్లు దాటింది. గోడ వెనుక ఇంటి ఆవిడ రెండేళ్ల క్రితం కన్నుమూసింది. ఆమె వాడిన ఎయిర్ బెడ్ ఇప్పుడు వేరే ఇంట్లో ఉన్నది. దాని మోటారు పోయినప్పుడు కొత్తది కానుకల సొమ్ముతోనే కొన్నాము. ఈ నెల అదే సంస్థకు మళ్లీ దరఖాస్తు పంపుతున్నాము. ఈసారి అడిగినది మునుపటి దానిలో నాలుగవ వంతు, ఎనిమిది మంది కొత్తవారికి నర్సు శిక్షణ కోసం మాత్రమే. రాసేముందు మళ్లీ రెండు ఆదివారాలు ఇళ్లకు వెళ్లి వచ్చాము, ఆ కాగితాల నకళ్లు జతచేశాము. ఛాయాచిత్రాల గడి ఫారంలో ఇంకా ఉన్నది. దాన్ని ఖాళీగా వదిలి, ఎందుకు వదిలామో కింద నాలుగు వాక్యాలు రాశాను.