షెల్టర్ పిల్లి సియామీసా, పర్షియన్ క్రాసా?

హన్మకొండలో షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకున్నామన్నారు. ఒళ్లంతా మీగడ రంగు, చెవులు, మూతి, పాదాలు, తోక మాత్రం ముదురు గోధుమ రంగు, కళ్లు నీలం. షెల్టర్ వాళ్లేమో ఆ రంగులు చూసి సియామీస్ జాతి మిక్స్ అన్నారు, పక్కింటావిడేమో కుచ్చుతోక చూసి పొడుగు బొచ్చుండే పర్షియన్ జాతి క్రాస్ అంటోంది. ఏది నిజమని మీ ప్రశ్న. మా ఇంట్లోనూ ఇలాంటిదే ఒకటుంది, పేరు బెల్లం. రెండేళ్లపాటు దాన్ని సియామీస్ అని ఊరంతా చెప్పుకుని తిరిగినవాణ్ని కాబట్టి నా సంగతి చెప్తాను.

బెల్లాన్ని కాజీపేటలో, ఇంట్లోనే పదిహేను పిల్లుల్ని సాకే ఒక అక్క దగ్గర తెచ్చుకున్నాం. నీలికళ్లు చూసి సియామీస్ అంది, నేను నమ్మేశాను. మా అమ్మ మాత్రం మొదటి రోజే "పిల్లికి గూడ జాతేందిరా, ఎలుకలు వడుతదా లేదా సూడు" అంది. (పట్టలేదు. ఇప్పటికీ పట్టదు. బల్లి కనిపిస్తే నా వెనక దాక్కుంటుంది.)

నా నమ్మకం చెదిరింది ఆపరేషన్ తర్వాత. జనవరిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మన దగ్గర చాలామంది డాక్టర్లు పొట్ట కింద కాకుండా డొక్క పక్కన కోస్తారు కదా, అక్కడ ఇడ్లీ అంత మేర బొచ్చు గీకేశారు. కొన్ని వారాలకు బొచ్చు మళ్లీ వచ్చింది, కానీ మీగడ రంగులో కాదు, మరిగి మరిగి చిక్కబడ్డ డికాక్షన్ రంగులో. నాకు ఒకటే టెన్షన్. ఫంగసేమో, కుట్లు లోపల పాడయ్యాయేమో అని బుట్టలో పెట్టుకుని పరుగెత్తాను. డాక్టరు గారు మచ్చ మీద వేలితో ఎదురు దువ్వి చూసి నవ్వారు. "చలికి నల్లబడ్డది, అంతే. ఎండలు రానీయండి."

ఆయన చెప్పింది ఇదీ. బొచ్చుకు రంగునిచ్చే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, టైరోసినేజ్ అంటారు. ఇలాంటి పిల్లుల్లో ఒక జన్యువులోని మార్పు వల్ల అది కాస్త తేడాగా తయారవుతుంది. ఒంటి వేడికి పనిచేయదు, చల్లగా ఉన్నచోటే పనిచేస్తుంది. చెవులు, మూతి, పాదాలు, తోక మిగతా ఒంటికంటే చల్లగా ఉంటాయి కాబట్టి రంగంతా అక్కడే. తల్లి కడుపులో అంతా వెచ్చదనమే, అందుకే ఈ కూనలు తెల్లగా పుట్టి, రోజులు గడిచేకొద్దీ చెవులు, తోక నల్లబడతాయి. బొచ్చు గీకేస్తే ఆ చోట చర్మం చల్లబడుతుంది, అదీ జనవరి చలిలో. ఆయన అన్నట్టే వేసవికి పాత బొచ్చు రాలి కొత్తది వచ్చేసరికి మచ్చ జాడే లేదు. నీలి కళ్లూ ఆ జన్యువు చలవే. బెల్లానికి కొంచెం మెల్లకన్ను ఉంది, అదీ దాని ఖాతాలోనే వేయొచ్చట.

అంటే మీ పిల్లిలో మన కంటికి కనిపిస్తున్నది ఒకే ఒక్క జన్యువు. తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తే ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య పుట్టిన కూనకైనా ఈ వేషం వస్తుంది. అది ఆగ్నేయాసియా పిల్లుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. సియామీస్ అనే జాతి పేరు, రిజిస్టర్లు, పోటీలు అన్నీ తర్వాతి ముచ్చట. లండన్‌లో పెద్ద ఎత్తున మొదటి పిల్లుల ప్రదర్శన జరిగిందే 1871లో. కుక్కల్ని మనుషులు కాపలాకూ వేటకూ వేరువేరుగా ఎంచి పెంచారు, పిల్లులు మాత్రం చాలావరకు వాటి ఇష్టానికి అవే జతకట్టాయి. కాబట్టి వీధిపిల్లి అంటే నాలుగు జాతుల కలగలుపు అనుకోవడం తిరగేసి చూడటమే, అసలు మామూలు పిల్లుల్లోంచే జాతులు తీశారు. నల్లపిల్లి కనపడగానే "బాంబే క్యాట్" అనేవాళ్లూ ఉన్నారు, ఆ జాతిని తయారుచేసింది అమెరికాలోని కెంటకీలో!

పక్కింటావిడ మాటని మాత్రం నేను కొట్టిపారేయను. పొడుగు బొచ్చు రావాలంటే ఆ జన్యువు తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఉండాలి. మన వీధుల్లో అలాంటి పిల్లులు తక్కువే. కానీ పెట్ షాపుల్లో ముక్కు ఎంత నొక్కుకుపోయిందన్నదాన్ని బట్టి డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్ అంటూ పర్షియన్లు అమ్ముతున్నారు, ముచ్చట తీరాక, సోఫా నిండా బొచ్చు రాలాక, కొందరు వదిలేస్తున్నారు కూడా. అందుకని తోక ఒక్కటే కాదు, మెడ, డొక్కల మీద కూడా బొచ్చు పొడుగ్గా ఉందా చూడండి. పిల్లిని పక్క నుంచి చూసినప్పుడు ముక్కు లోపలికి నొక్కినట్టుందా? కళ్ల వెంట ఎప్పుడూ నీరు కారుతోందా? అలా ఉంటే ఒకసారి కిడ్నీలు స్కాన్ చేయించండి. పర్షియన్లలో కిడ్నీల్లో నీటి తిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఉంది, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. చప్పిడి ముక్కు పిల్లులు మన మే నెల ఎండకు ఊపిరాడక అల్లాడతాయి కూడా. జాతి గురించి పట్టించుకోవాల్సిన చోటంటే నా లెక్కలో ఇదొక్కటే. ముక్కు మామూలుగా ఉంటే సియామీస్ కోసమని ప్రత్యేకంగా అమ్మే ఖరీదైన దాణా కొనకండి, నేను కొని డబ్బు పోగొట్టుకున్నాను.

డీఎన్‌ఏ టెస్టు చేయించాలనీ అనుకున్నా. అది చెప్పేది కూడా తమ దగ్గరున్న జాతుల్లో దేనికి పోలిక ఎక్కువో అన్నదే, తాతముత్తాతల పేర్లు కాదు. మానేశాను.

టీకాల కార్డులో జాతి అన్నచోట సియామీస్ అని రాయమంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. "ఒకే ఈతలో పుట్టిన కూనలకే ఇద్దరు తండ్రులుండొచ్చు, దీని తండ్రెవరో నేనెట్ల రాయాలి?" అని డీఎస్‌హెచ్ అని రాసిచ్చారు. డొమెస్టిక్ షార్ట్ హెయిర్, అంటే పొట్టి బొచ్చు ఇంటిపిల్లి. నేనూ ఇప్పుడు అదే చెప్తున్నా. మా అమ్మే, చుట్టాలు వచ్చినప్పుడల్లా "సియామీసట, మస్తు రేటుంటదట" అంటోంది.