పంట ఆబ్జెక్టు పత్తిగా ఎందుకు మారడం లేదు?

తప్పు కాస్టింగ్‌లో (ఆబ్జెక్టును వేరే క్లాస్ రకంగా వాడమని చెప్పడంలో) లేదు, ఆబ్జెక్టు పుట్టిన చోటే ఉంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్ లాట్ల కోసం రాసిన మీ జావా కోడ్‌లో, డేటాబేస్ నుంచి చదివే ప్రతి వరుసకీ న్యూ పంట అని రాసి, తర్వాత తేమ శాతం కావాల్సి వచ్చినప్పుడు దాన్ని పత్తిగా కాస్ట్ చేస్తున్నారు, అందుకే క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తోంది.

1. న్యూ పక్కన ఏ పేరుంటే ఆబ్జెక్టు అదే, పుట్టాక మారదు. వేరియబుల్, లిస్ట్ మాత్రం పంట రకంగానే ఉంచండి, పత్తి, మిర్చి రెండూ పంట కింది క్లాసులే కాబట్టి అది కరెక్టే.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. కొత్త లాట్ ఎంట్రీ చేసేటప్పుడు న్యూ పత్తి అని సరిగ్గానే రాస్తారు, కానీ సేవ్ చేసింది మళ్లీ చదివేటప్పుడు అది పత్తో మిర్చో టేబుల్‌కు తెలియదు కదా! పంట రకం అని ఒక కాలమ్ పెట్టి, చదివే ఫంక్షన్‌లో ముందు దాన్ని చూసి, స్విచ్‌తో సరైన క్లాస్‌ను సృష్టించండి. ఈ నిర్ణయం ఆ ఒక్క ఫంక్షన్‌లోనే ఉండాలి.

3. పంట క్లాస్‌ను అబ్‌స్ట్రాక్ట్ చేయండి, అంటే దాన్ని నేరుగా న్యూతో సృష్టించడం కుదరదు. ఎక్కడెక్కడ న్యూ పంట మిగిలిందో కంపైలరే చూపిస్తుంది.

పత్తికి వేరే క్లాస్ అవసరమే, 8 శాతం తేమ దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు, ఆ లెక్క మిర్చికి లేదు. కానీ తేజ, చపాట, వండర్ హాట్ అని మిర్చి కింద మూడు క్లాసులు రాశారు చూడండి, అవి తీసేయండి: మీ కోడ్‌లో వాటికి పేరు, రేటు తప్ప తేడా లేదు, మిర్చిలో ఒక ఫీల్డ్ చాలు.