ల్యాప్‌టాప్‌తో స్టేజీ ఎక్కబోతున్న బిడ్డకు

హనుమకొండ

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

బిడ్డా, నువ్వు ల్యాప్‌టాప్‌లో ఏబుల్టన్ లైవ్ అనే సంగీతం సాఫ్ట్‌వేర్ వేసుకుని, కాలేజీ స్నేహితులతో బ్యాండ్ కట్టావని మీ నాన్న చెప్పాడు. సద్దుల బతుకమ్మ నాడు మీ కాలనీ మైదానంలో మీరే వాయిస్తున్నారట, పక్క ఊరి నుంచి డప్పు పెద్దాయనను కూడా పిలిచారట. చాలా సంతోషం. ఇవన్నీ ఫోనులో చెబితే సగం గాలికి పోతాయని కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, ఇవే బతుకమ్మ రోజుల్లో, వరంగల్‌కు దగ్గరలోని ఒక ఊళ్ళో మా ఆర్కెస్ట్రా వాయిస్తోంది. పాట మొత్తాన్ని ఒకే పొడవాటి ట్రాక్‌గా ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. నాలుగైదు చరణాలు అయ్యాక కరెంటు పోయింది. స్పీకర్లు మూగబోయాయి, లైట్లు ఆరిపోయాయి. ఆడవాళ్ళు మాత్రం ఆగలేదు. చప్పట్లు, అడుగులు, ‘ఉయ్యాలో’ అనే వంత, అన్నీ చీకట్లోనే సాగాయి. మా డప్పు ఆయన స్టేజీ దిగి వాళ్ళ పక్కకు వెళ్ళి వాయించాడు. ఆ పాటలో పడి నేను ల్యాప్‌టాప్ సంగతి మరిచిపోయాను. దానికి సొంత బ్యాటరీ ఉంది. దాని నుంచే కరెంటు తీసుకునే సౌండ్ కార్డు కూడా బతికే ఉంది. చీకట్లో ట్రాక్ తన దారిన తాను పోతూనే ఉంది. జనరేటర్ అందుకోగానే స్పీకర్లలోంచి వేరే చరణం, వేరే నడకలో, చెవులు పగిలేలా వచ్చి పడింది. వరుస చెదిరిపోయింది. పాట చెబుతున్న పెద్దావిడ చప్పట్లు కొట్టబోయి చేతులు అలాగే గాలిలో ఆపేసింది.

అందుకని, కరెంటు పోతే నీ చేయి మొదట వెళ్ళవలసింది స్టాప్ బటన్ మీదికి. సౌండ్ చూసే అన్న చేయి, మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే మాస్టర్ ఫేడర్ మీదికి వెళ్ళి దాన్ని కిందికి దించాలి. ఇద్దరూ ఈ మాట ముందే అనుకోండి. రిహార్సల్‌లో ఒకసారి చెప్పకుండా మెయిన్ స్విచ్ ఆపించి చూడు. ఎవరి చేయి ఎటు వెళ్తుందో అప్పుడే తెలుస్తుంది.

ఆ రాత్రి తర్వాత నేను పొడవాటి ట్రాక్ పెట్టడం మానేశాను. బతుకమ్మ పాటకు ఇంత అని పొడవు ఉండదు. పాట చెప్పే ఆమెకు ఆ రోజు ఎంత గుర్తుకొస్తే అంత పాట. నచ్చిన చరణాన్ని రెండుసార్లు అంటుంది. ఎవరైనా బతుకమ్మను ఎత్తుకుని ఆలస్యంగా వస్తే వాళ్ళు వచ్చి వరుసలో కలిసేదాకా వంతనే తిప్పుతుంది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు ముగిసే ట్రాక్ ఆమె ముందు ఏం పనికొస్తుంది? నీ దగ్గరున్న ఏబుల్టన్ లైవ్ ఈ పనికి బాగా సరిపోతుంది. 2001లో అది వచ్చినప్పుడు అందరినీ ఆకట్టుకున్నది దాని సెషన్ వ్యూ. గళ్ళుగళ్ళుగా ఉంటుంది, ఒక్కో గడిలో సంగీతం ముక్క ఒకటి. పల్లవికి ఒక వరుస, చరణానికి ఒక వరుస, ముగింపుకు ఒక వరుస పెట్టుకో. ఏ ముక్కయినా నువ్వు తర్వాతిది నొక్కేదాకా తిరుగుతూనే ఉంటుంది. ముక్క ఎప్పుడు అందుకోవాలో చెప్పే క్వాంటైజేషన్‌ను ఒక బార్‌కు, అంటే తాళం ఒక చుట్టుకు, పెడితే, కంగారులో నువ్వు కాస్త ముందు నొక్కినా కొత్త ముక్క తర్వాతి బార్ మొదట్లోనే అందుకుంటుంది. అప్పుడు పాటను నడిపేది ఆమె, వెనక వెళ్ళేది నువ్వు.

నడక కూడా ఆమెదే. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడికి వెళ్ళు. ఫోనులో మెట్రోనోమ్ తెరిచి, చప్పట్లకు తగ్గట్టు వేలితో కొట్టి చూడు. పాట మొదట్లో ఎంత వచ్చింది, పావుగంట తర్వాత ఎంత వచ్చింది, రాసుకో. నేను చూసినంతలో నడక ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది. జనం కలిసేకొద్దీ అడుగులో హుషారు వస్తుంది. అందుకే ట్యాప్ టెంపోను, అంటే నువ్వు నొక్కిన వేగాన్నే పాట వేగంగా తీసుకునే బటన్‌ను, కాలి పెడల్‌కు కట్టుకో. ముందు ఆమెను పాడనివ్వు, నాలుగు చప్పట్లు విను, కాలితో నాలుగుసార్లు నొక్కు, ఆ తర్వాతే నీ మొదటి ముక్క వదులు. మైకులోకి వచ్చే వాయింపు విని టెంపోను సరిచేసుకునే టెంపో ఫాలోయర్ 2021లో లైవ్ 11తో వచ్చింది. నిలకడగా కొట్టే డ్రమ్ముకు అది బాగానే ఉంటుంది. దరువు మారుస్తూ పోయే డప్పుకు మాత్రం దాన్ని నమ్మకు, నీ కాలినే నమ్ముకో.

ఇక లేటెన్సీ గురించి, అంటే వాయించాక శబ్దం బయటికి రావడానికి పట్టే ఆలస్యం గురించి, నీ స్నేహితులు చాలా భయపెట్టి ఉంటారు. లెక్క తెలిస్తే భయం ఉండదు. శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిస్తే (ఒక్కో కొలత ఒక శాంపిల్), 128 బఫర్, అంటే ఒక్కోసారి 128 శాంపిళ్ళు పోగేసి పంపడం, దాదాపు 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. లోపలికీ బయటికీ కలిపితే ఇంకొంత పెరుగుతుంది. శబ్దం గాలిలో ఒక మీటరు నడవడానికే దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. స్పీకర్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించే కీబోర్డు ఆర్టిస్టు ఏళ్ళ తరబడి తొమ్మిది మిల్లీసెకన్ల ఆలస్యంతోనే వాయిస్తున్నాడు. కాబట్టి ల్యాప్‌టాప్‌లోని వాయిద్యాలను కీబోర్డు మీద అప్పటికప్పుడు వాయించే పాటలకు 128 గానీ 256 గానీ పెట్టు. ముందే చేసిన ముక్కలు వదలడమే నీ పని అయితే 512 పెట్టుకుని నిశ్చింతగా ఉండు. బఫర్ మరీ తగ్గిస్తే ప్రాసెసర్ ఆ కాస్త వ్యవధిలో లెక్క పూర్తి చేయలేదు, స్పీకర్లలో పటపటమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వేయిమందికి వినిపిస్తుంది, అయిదు మిల్లీసెకన్లు ఎవరికీ వినిపించవు. బరువైన వర్చువల్ వాయిద్యాలను ఇంటి దగ్గరే ఆడియోగా మార్చుకుని వెళ్ళు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, డప్పు.

ఆ పెద్దాయన వచ్చాక ఏం చేస్తాడో దగ్గర కూర్చుని చూడు. నాలుగు పుల్లలు, కాగితాలు పోగేసి మంట వేస్తాడు. డప్పును మంటకు ఎదురుగా పట్టుకుని తిప్పుతూ కాస్తాడు. వేళ్ళతో ఒకసారి తట్టి చెవి పెడతాడు, మళ్ళీ కాస్తాడు. తోలు బిగిసి, గంటలాగా ఖంగుమని పలికినప్పుడు గానీ లేవడు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ వేస్తుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీని చిటికెన పుల్ల నింపుతుంది. రాత్రి మంచు పడేకొద్దీ తోలు వదులవుతుంది, గంటకో గంటన్నరకో ఆయన మళ్ళీ మంట దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది. నీ పాటల వరుసలో ఆ వ్యవధి పెట్టావా? డప్పు లేని పాటను అక్కడ వేసుకో. ప్లాస్టిక్ డప్పు తెచ్చుకొమ్మని మాత్రం ఆయనకు చెప్పకు.

క్లిక్, అంటే తాళం తప్పకుండా ఇయర్‌ఫోనులో వినిపించే టిక్కుటిక్కు, ఆయన చెవిలో పెట్టకు. యాభై ఏళ్ళుగా మనుషుల అడుగులు చూసి వాయించిన చేతికి ఆ టిక్కుటిక్కు సంకెళ్ళు వేసినట్టే. క్లిక్ మీ డ్రమ్స్ అబ్బాయికి ఒక్కడికే ఇవ్వు. పెద్దాయన అతని కాలును చూస్తూ వాయిస్తాడు, అది చాలు. ఏదైనా ఒక పాటలో ఆయన కూడా ట్రాక్‌తో కచ్చితంగా వెళ్ళవలసి వస్తే, నేను చేసినట్టు చేయి: ముందు రోజు ఆయన చిటికెన పుల్లనే నాలుగు బార్లు రికార్డు చేసి, క్లిక్ స్థానంలో దాన్ని పెట్టు, పక్కన చిన్న మానిటర్ స్పీకర్‌లో తక్కువగా వినిపించు. ఆ చప్పుడు ఆయనకు పక్కన ఇంకో డప్పు ఉన్నట్టే ఉంటుంది.

ఒకటి గట్టిగా చెబుతున్నాను, పెద్దనాన్న చాదస్తం అనుకోవద్దు. మనిషి వాయించేదాన్ని ట్రాక్‌లో పెట్టకు. ఒక పెద్ద సభలో నేను కళ్ళారా చూశాను. ఒగ్గుడోలు బృందాన్ని పిలిచి, పసుపు పూయించి, గజ్జెలు కట్టించి స్టేజీ ముందు నిలబెట్టారు. మైకులు పెట్టారు గానీ తెరవలేదు. డోళ్ళ శబ్దమంతా ట్రాక్‌లోంచి వచ్చింది. చివర ఉన్న ముసలాయన రెండు నిమిషాల్లోనే కనిపెట్టేశాడు. పుల్ల ఆడిస్తూనే ఉన్నాడు, డోలును మాత్రం తాకించడం మానేశాడు. ఆ పాపం నువ్వు చేయకు. ట్రాక్‌లో తంబుర శ్రుతి పెట్టు, బేస్ పెట్టు, నీ దగ్గర మనుషులు లేని వయొలిన్ల గుంపు పెట్టు. డోలు, డప్పు, తాళం, వంత మనుషులకే వదులు. వాటి మైకులు తెరిచే ఉంచు.

ఒగ్గు కథకు ఎప్పుడైనా తోడు వాయించవలసి వస్తే ట్రాక్ మాటే ఎత్తకు. కొమురవెల్లిలో గానీ ఐనవోలులో గానీ మల్లన్న కథ విన్నావంటే నీకే తెలుస్తుంది. కథకుడు మాటలోంచి పాటలోకి, పాటలోంచి మళ్ళీ మాటలోకి ఎప్పుడు దాటుతాడో పక్కన తాళం వేసేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన శ్రుతి కనుక్కుని, తాళంతో పని లేని ఒక సన్నటి డ్రోన్ (తంబురలాగా ఆగకుండా మోగే శ్రుతి) వెనక ఉంచు. ఆయన మాటలోకి వచ్చినప్పుడు ఫేడర్‌తో దాన్ని మెల్లగా తగ్గించు. అంతకు మించి ఏమీ చేయకపోవడమే మంచిది.

రికార్డింగ్ కూడా చేస్తారని విన్నాను. 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్‌లో పెట్టు. డప్పుకు మైకు మరీ దగ్గర పెడితే తోలు చప్పుడే వస్తుంది, ఆ చెక్క గుండ్రం మోగడం రాదు. రెండు మూడు అడుగుల దూరంలో, నేరుగా కాకుండా కాస్త ఓరగా పెట్టి విను, నచ్చకపోతే జరుపు. ఆయనను ఎంత గట్టిగా కొడతాడో అంత గట్టిగా కొట్టమని చెప్పి, ఆ దెబ్బ మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని లోపలికి తీసుకునే మోతాదు) పెట్టు. వాయింపు వేడి మీద ఆయన ఇంకా గట్టిగా కొడతాడు, అందుకే ఆ ఖాళీ. గాయని తన గొంతును హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వింటే పాట నీరసంగా వస్తుంది, గొంతును ల్యాప్‌టాప్ దాకా పోనివ్వకుండా నేరుగా వినిపించే, సౌండ్ కార్డులోని డైరెక్ట్ మానిటరింగ్ వాడు. వీలైతే డప్పునూ పాడే ఆమెనూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టు. ఒకరి మైకులోకి ఒకరి శబ్దం పడుతుంది, పడనివ్వు. తర్వాత దెబ్బలన్నిటినీ స్క్రీన్ మీది టెంపో గీతల మీదికి జరపాలని నీ చేయి ఉవ్విళ్ళూరుతుంది. జరపకు. వాళ్ళు వాయించిందాని మీద టెంపో గీతలను నువ్వే జరుపుకో. ఆ సౌకర్యం రీపర్, క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో ఉంది, నీ లైవ్‌లోనూ ఉంది. మొదటి చరణం కంటే చివరి చరణం నిమిషానికి నాలుగైదు బీట్లు వేగంగా ఉంటే ఉండనివ్వు, అది అలాంటి పాటే.

మిగతావి గబగబా చెబుతాను. సౌండ్ కార్డుకు కనీసం నాలుగు అవుట్‌పుట్లు ఉండేలా చూసుకో: రెండు జనానికి, ఒకటి క్లిక్‌కు, ఒకటి మానిటర్‌కు. రెండే ఉంటే ఎడమ వైపు క్లిక్, కుడి వైపు మ్యూజిక్ పంపు. వైర్లకు రంగు టేపు అంటించి, ఏది ఏమిటో కాగితం మీద రాసి సౌండ్ అన్నకు ఇవ్వు. క్లిక్ పొరపాటున పెద్ద స్పీకర్లలోకి వెళ్తే ఆ పాట అక్కడితో అయిపోయినట్టే. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుంయ్ మని శబ్దం వస్తే సౌండ్ కార్డుకూ మిక్సర్‌కూ మధ్య పెట్టే డీఐ బాక్సుల మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కు. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు, తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి మైకు పట్టుకునేది మన ఆడవాళ్ళు. వైఫై, బ్లూటూత్, అప్‌డేట్లు, స్క్రీన్ ఆరిపోవడం, అన్నీ ఆపేయి. నెట్ లేకపోయినా నీ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుందో లేదో ఇంటి దగ్గరే చూసుకో. జనం పోటెత్తే మేడారం లాంటి చోట సిగ్నల్ అందుతుందన్న నమ్మకం ఉండదు. అన్ని పాటల ట్రాక్‌లూ ఫోనులో కూడా వేసి, దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మిక్సర్‌లో ఒక ఛానల్‌కు కలిపి ఫేడర్ దించి ఉంచు. రెండో ల్యాప్‌టాప్ కోసం మీ నాన్నతో అప్పు చేయించకు.

రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. మీ నిర్వాహకులు అనుమతి తెచ్చారో లేదో అడుగు. లేకపోతే పది గంటలకు నీ ల్యాప్‌టాప్ మూసేసి, డప్పుతో, చప్పట్లతో చివరి పాటను వాళ్ళకు అప్పగించు. ఆ పాట పక్కనే నిలబడి విను.

ఈ ఆదివారం ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళిరా. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళకు. టీ తాగు, ఏ దరువులు ఇష్టమో అడుగు, ఒక గంట వాయించమని అడిగి విను. ఆయన అడిగిన డబ్బుకు బేరం ఆడకు, అందులో సగం ఆ రోజే చేతిలో పెట్టు. నువ్వు ఎక్కడ ఆగాలో, ఆయన ఎక్కడ అందుకుంటాడో ఆ గంటలో నీకే తెలుస్తుంది, ఆ తర్వాత ఇంటికి వచ్చి గళ్ళు నింపుకో. సద్దుల బతుకమ్మకు మీ పెద్దమ్మ, నేను ఇద్దరం వస్తాం. నేను సౌండ్ అన్న పక్కన కూర్చుంటాను, మాస్టర్ ఫేడర్‌కు దగ్గరలో.

ఇట్లు,
మీ పెద్దనాన్న