పడవల వేగానికి హద్దు ఎంత? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సరస్సుల్లో, నదుల్లో, కాలువల్లో విహార పడవల వేగ పరిమితి గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న (మాంచెస్టర్ నుంచి ఒక పాఠకురాలు): వేసవి సెలవుల్లో ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సుకు వెళ్లాం. అక్కడ ఏ పడవా 10 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దాటకూడదట. అయినా ఒక క్యాబిన్ పడవ మా పక్కనుంచి వెళ్లేసరికి మా తెడ్డు పడవ బోల్తా పడినంత పనయింది. నిదానంగా పోయే పడవకు అంత అల ఎలా లేచింది? అలాంటప్పుడు ఈ పరిమితి దేనికి?

జవాబు: వేగం తగ్గితే అల తగ్గుతుందని అందరూ అనుకుంటారు. అన్ని వేగాల దగ్గరా అది నిజం కాదు. కదిలే పడవ ముక్కు దగ్గర ఒక అల, వెనుక ఒక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ పొడవంత అయ్యే వేగాన్ని సులువుగా లెక్కకట్టవచ్చు. పడవలో నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో వస్తుంది. 25 అడుగులకు 6.7 నాట్లు. అంతకు మించి వెళ్లబోతే వెనుక భాగం కుంగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, పడవ తాను లేపిన అలనే ఎక్కాల్సి వస్తుంది. ఇంజిన్ శక్తిలో ఎక్కువ భాగం అలగా మారి ఒడ్డుకు పోయేది ఈ దశలోనే. తేలికపాటి స్పీడ్ బోటు 15 నాట్ల ప్రాంతానికి చేరితే నీటి మీదకు లేచి జారిపోతుంది, అల మళ్లీ చిన్నదవుతుంది. అంటే 25 అడుగుల పడవకు 10 నాట్ల దగ్గర అల పెద్దగా ఉంటుంది. మీకు ఎదురైంది అదే. అల ఎత్తు 20 సెంటీమీటర్ల నుంచి 40కి పెరిగితే దాని శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

అమెరికాలో వేక్ సర్ఫింగ్ (పడవ వెనుక లేచే అల మీద పలకపై నిలబడి జారే ఆట) పడవలే దీనికి రుజువు. ట్యాంకుల్లో నీళ్లు నింపి వెనుక భాగాన్ని కావాలనే కుంగదీసి, గంటకు 10 నుంచి 12 మైళ్ల వేగంలో నడుపుతారు. పెద్ద అల కావాలనుకునేవారు ఎంచుకునే వేగం అది! అందుకే వెర్మాంట్ రాష్ట్రం 2024లో వీటికి వేరే షరతులు పెట్టింది. ఒడ్డుకు కనీసం 500 అడుగుల దూరం, 20 అడుగుల లోతు, 50 ఎకరాల విశాలమైన నీరు ఉంటేనే ఆ ఆటకు అనుమతి.

ఇక విండర్‌మియర్ పరిమితి అలల కోసమే పుట్టింది కాదు. చుట్టుపక్కల ఉన్న అల్స్‌వాటర్, కోనిస్టన్, డెర్వెంట్‌వాటర్ సరస్సుల్లో అప్పటికే పరిమితి ఉండడంతో, వేగంగా వెళ్లాలనుకున్న పడవలూ, వాటర్ స్కీయింగ్ (పడవ లాగుతుంటే నీటి మీద జారే ఆట) చేసేవాళ్లూ విండర్‌మియర్‌కే వచ్చేవారు. సుమారు 17 కిలోమీటర్ల పొడవు, అత్యంత వెడల్పు ఉన్నచోట కూడా ఒకటిన్నర కిలోమీటరే ఉన్న ఆ నీటిలో తెడ్డు పడవలు, తెరచాప పడవలు, ఈతగాళ్లు, స్కీ పడవలు కలిసి ఉండడం సాధ్యం కాదన్నది జాతీయ పార్కు సంస్థ వాదన. స్కీ క్లబ్బులు, పడవల వ్యాపారులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. స్థలాలనో సమయాలనో పంచుకుంటే చాలునన్నారు. బహిరంగ విచారణ తర్వాత 1996లో మంత్రి జాన్ గమ్మర్ పరిమితిని తిరస్కరించారు. కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2000లో తర్వాతి ప్రభుత్వం ఆమోదించి ఐదేళ్ల గడువిచ్చింది. 2005 మార్చి 29న అమల్లోకి వచ్చింది. స్కీయింగ్‌కు 10 నాట్లు చాలవు కాబట్టి ఆ ఆట అక్కడ ముగిసినట్టే. వాళ్లకు జరిగిన నష్టం చిన్నది కాదు. అయినా అంత ఇరుకు నీటిలో తెడ్డు పడవవాళ్లకే మొగ్గు చూపడం సరైన నిర్ణయమని మా అభిప్రాయం. స్కీ పడవ వల్ల తెడ్డు పడవకు ప్రమాదం ఉంది గానీ, తెడ్డు పడవ వల్ల స్కీ పడవకు లేదు.

అయితే చట్టం 10 నాట్ల దాకా వెళ్లవచ్చన్నది, 10 నాట్లలోనే వెళ్లమనలేదు. చిన్న పడవ కనిపిస్తే 5 నాట్లకు దిగాలి. అదీ ఒక్కసారిగా కాదు. థ్రాటిల్‌ను (ఇంజిన్ వేగాన్ని పెంచే, తగ్గించే మీటను) ఒక్క ఊపున తగ్గించేస్తే, పడవ ఆగుతుంది గానీ దాని వెనుక అల ఆగదు. ఆ అల వచ్చి వెనుక అంచు మీదుగా లోపలికి దూకుతుంది. వంద మీటర్ల ముందు నుంచే క్రమంగా తగ్గించాలి, వెనుక కూర్చున్నవారిని ముందుకు జరపాలి. తెడ్డు పడవలో ఉన్నవారు అల పక్క నుంచి తగలకుండా, ముక్కును అలకు కాస్త ఏటవాలుగా తిప్పుకోవాలి. అల దాటేదాకా ఎవరూ లేవకూడదు.

ప్రశ్న (బోస్టన్ దగ్గర ఉండే ఒక పాఠకుడు): న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సులో పగలు గంటకు 45, రాత్రి 30 మైళ్ల పరిమితి ఉంది. అంత పెద్ద సరస్సుకు ఇది అవసరమా?

జవాబు: విన్నిపెసాకీ వైశాల్యం సుమారు 71 చదరపు మైళ్లు. అక్కడి పరిస్థితిని విండర్‌మియర్‌తో పోల్చలేం. ఆ పరిమితి 2009 జనవరి 1 నుంచి ప్రయోగాత్మకంగా మొదలై, 2010లో శాశ్వతమైంది. వ్యతిరేకించినవారి వాదనలో బలం ఉంది. 45 మైళ్లు దాటే పడవలు బహు కొద్ది అనీ, ప్రాణాలు తీసేది మద్యం, అజాగ్రత్త, దూరం పాటించకపోవడమేననీ వారన్నారు. ఆ రాష్ట్రంలో ముందునుంచీ ఉన్న 150 అడుగుల నియమాన్ని చూపించారు: ఒడ్డుకు, ఈతగాళ్లకు, మరో పడవకు 150 అడుగుల లోపల ఉంటే గంటకు 6 మైళ్లు, లేదా చుక్కాని పనిచేసేంత కనీస వేగంతోనే వెళ్లాలి.

మేమూ ఆ దూరం నియమాన్నే ముందు పెడతాం. కానీ దానికొక లోపం ఉంది. 45 మైళ్లంటే సెకనుకు 66 అడుగులు. 150 అడుగులు దాటడానికి రెండు సెకన్ల పైచిలుకే పడుతుంది. పడవకు బ్రేకు లేదు. ఎదురెదురుగా రెండు పడవలు అదే వేగంతో వస్తుంటే దూరం సెకనుకు 132 అడుగుల చొప్పున తరిగిపోతుంది. ఇక రాత్రి సంగతి వేరు. 12 మీటర్ల లోపు పడవల ఎరుపు, ఆకుపచ్చ పక్కదీపాలు ఒక మైలు దూరం నుంచి కనబడితే చాలునని నియమం. అవి ఒడ్డునున్న ఇళ్ల దీపాల్లో కలిసిపోతాయి. దీపమే లేని కాయక్ (సన్నటి చిన్న తెడ్డు పడవ) ఉంటే ఇక చెప్పనక్కరలేదు. మా లెక్కలో రాత్రికి 30 కూడా ఎక్కువే. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. ఫోన్ తెర ఒక్కసారి చూస్తే మళ్లీ మొదటికి. రాత్రి డ్యాష్‌బోర్డు దీపాలు బాగా తగ్గించుకోండి.

ప్రశ్న (కోనసీమ నుంచి): మా కాలువల్లో విహార పడవలు పెంచాలంటున్నారు. గట్లు కోసుకుపోకుండా ఉండాలంటే ఎంత వేగం ఉండాలి?

జవాబు: బ్రిటన్‌లో ఇరుకు కాలువలకు గంటకు 4 మైళ్లు, అంటే సుమారు ఆరున్నర కిలోమీటర్లు పెట్టారు. మట్టి గట్ల కాలువకు అంతకు మించకూడదు. లోతు తక్కువైతే నీటిలో అల పరుగెత్తగల వేగానికి ఒక హద్దు ఉంటుంది. ఒకటిన్నర మీటర్ల లోతుకు అది గంటకు సుమారు 14 కిలోమీటర్లు. కాలువ వెడల్పులో సగం ఆక్రమించే పడవకు ఆ ఇబ్బంది ఇంకా చాలా ముందే మొదలవుతుంది. పడవ తన ముందున్న నీటిని నెడుతుంది. ఆ నీరు పక్కల నుంచి వెనక్కి వేగంగా పారుతుంది. గట్టు దగ్గర నీటిమట్టం ఒక్కసారి దిగి, మళ్లీ ఎగసి కొడుతుంది. మట్టిని లాగేది ఈ దిగడం, ఎగయడమే. పడవ వెనుక భాగం అడుగుకు దగ్గరై, ప్రొపెల్లర్ బురదను చిలుకుతుంది. డీజిలు ఖర్చు పెరుగుతుంది గానీ వేగం పెరగదు.

మీటరు లేకపోయినా గట్టును చూస్తే తెలిసిపోతుంది. పడవ వెంట గట్టున అల విరిగి తెల్లగా నురుగు కడితే వేగం ఎక్కువైనట్టే. గట్టుకు కట్టేసిన పడవల దగ్గరికి నాలుగైదు పడవల పొడవు ముందే తగ్గించాలి. లేకపోతే ఆ ఈడ్పుకు తాళ్లు తెగుతాయి, మేకులు పెకిలిపోతాయి.

ప్రశ్న (విజయవాడ నుంచి): మన నదుల్లో పడవ ప్రమాదాలు ఆపడానికి ముందుగా వేగ పరిమితి పెట్టాలి కదా?

జవాబు: ముందుగా కాదు. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడిన పడవకు అనుమతి లేదు, పైగా మోయగలిగిన దానికంటే ఎక్కువమంది ఎక్కారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది గోదావరి వరదలో. ఆ రెండు చోట్లా పడవలు వేగంగా వెళ్లడం వల్ల కాదు మనుషులు పోయింది. 2021 అంతర్దేశీయ నౌకల చట్టం కింద యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషను, సర్వే ధ్రువపత్రం ఉండాలి. ఎక్కేముందు వాటిని అడగండి, రాసిపెట్టిన సంఖ్యకు మించి ఎక్కిస్తుంటే దిగిపోండి, లైఫ్ జాకెట్ తొడుక్కుని పట్టీలు బిగించండి.

అయితే స్పీడ్ బోట్లు పెరుగుతున్నచోట పుట్టి మీద వల వేసుకునే మత్స్యకారుల కోసం దూరం నియమం తప్పకుండా కావాలి. పుట్టి అంచు నీటికి కొద్ది అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. దాన్ని ముంచడానికి అడుగు ఎత్తు అల చాలు.

ప్రశ్న: పడవలో మీటరు 8 చూపిస్తే ఫోన్ 11 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: మీటరు నీటిలో వేగాన్ని చూపుతుంది, ఫోన్ నేల మీద వేగాన్ని చూపుతుంది. ప్రవాహంతో పోతుంటే ఫోన్ అంకె ఎక్కువ ఉంటుంది, ఎదురు పోతుంటే తక్కువ. నిలిచిన నీటిలో కూడా తేడా వస్తే మీటరు గొట్టంలో నాచో బురదో పట్టిందన్నమాట, ముందు దాన్ని శుభ్రం చేయండి. పోలీసులు రాడార్‌తో కొలిచేది నేల మీద వేగాన్నే.

ప్రశ్న: జెట్ స్కీ (నీటి మీద నడిపే మోటారు బండి) అద్దెకు ఇచ్చేముందు ఏం నేర్పాలి?

జవాబు: థ్రాటిల్ వదిలేస్తే జెట్ స్కీ తిరగదని. నీటి ధార వెనక్కి చిమ్మితేనే హ్యాండిల్ పనిచేస్తుంది. ఎదురుగా ఏదైనా కనబడగానే కొత్తవారు భయంతో థ్రాటిల్ వదిలి హ్యాండిల్ తిప్పుతారు, బండి నేరుగా వెళ్లి గుద్దుతుంది. ఖాళీ నీటిలో రెండు బోయాల (నీటిపై తేలే గుర్తుల) మధ్య, థ్రాటిల్ కాస్త పట్టి ఉంచి మలుపు తిప్పడం పదిసార్లు చేయించాలి. ఇంజిన్ ఆపే తాడును మణికట్టుకో జాకెట్‌కో తగిలించకుండా ఎవరినీ వదలకూడదు.