ఆవు ఆగదు, పాఠం ఆగుతుంది

ప్రశ్న: మూడేళ్ల క్రితం కొంచెం పొలం తీసుకుని అందులోనే ఇల్లు కట్టుకున్నాం. మాకు కావలసినవి మేమే పండించుకోవాలని మా కోరిక. కూరగాయల మడులు, కోళ్లు, దూడతో ఒక ఆవు, నాలుగు మేకలు ఉన్నాయి. పిల్లలు ముగ్గురు. తొమ్మిదేళ్ల పాపకు, ఆరేళ్ల బాబుకు హోమ్‌స్కూలింగ్ నేనే చేస్తున్నాను. రెండేళ్ల చిన్నదాన్ని ఎక్కువగా పాపే ఎత్తుకుని తిరుగుతుంది. మావారు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు, అడిగితే సాయం చేస్తారు. పాలు పితకడంతో నా రోజు మొదలైతే పుస్తకం తెరిచేసరికి మధ్యాహ్నం అవుతోంది. ఒక్కోరోజు అదీ లేదు. సాయంత్రానికి పిల్లల మీద అరిచేస్తున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. ‘కోరి తెచ్చుకున్నదేగా’ అంటారు మావారు. దగ్గర్లోనే ఉండే మా అత్తగారు పిల్లల్ని బడిలో వేసేయమంటున్నారు. అన్నీ సమంగా చూసుకునేలా ఒక టైమ్‌టేబుల్ చెప్పగలరా?

జవాబు: టైమ్‌టేబుల్ ఇవ్వనమ్మా. అది వేసుకోవడం చేతకాక మీకీ అవస్థ రాలేదు. సేద్యం, చదువు చెప్పడం, ముగ్గురు పిల్లలున్న ఇల్లు నడపడం... ఇందులో ఏ ఒక్కటైనా మనిషిని రోజంతా తినేసే పనే. మూడూ మీ ఒక్కరి నెత్తినే ఉన్నాయి. గంటల్ని ఎటు సర్దినా ఆ బరువు తగ్గదు.

ఇందులో చిక్కు ఎక్కడుందో చూడండి. ఆవు ఆగదు. వేళకు పితకకపోతే పొదుగు వాపు వస్తుందని మీకే తెలుసు. ఆకలేస్తే మేకలు అరుస్తాయి, చిన్నది ఏడుస్తుంది, మీవారి మీటింగ్ టైముకి మొదలైపోతుంది. రేపటికి వాయిదా వేసినా కిక్కురుమనకుండా ఊరుకునేది ఒక్క పాఠమే. అందుకే రోజూ అదే వెనక్కి పోతోంది. దాని వెనకాల మీ నిద్ర.

కాబట్టి ముందు తగ్గించాల్సింది వేళకు కట్టేసే పనుల్ని. ఆవూ మేకలూ రెండూ పాల కోసమే అయినప్పుడు రెండూ ఎందుకు? మేకల్ని ఇచ్చేయండి. ఆవుకి దూడ ఉంది కాబట్టి రాత్రి దూడను వేరుగా ఉంచి, పొద్దున మీరు పితుక్కుని, పగలంతా తల్లి దగ్గర వదిలేయండి. సాయంత్రం పితికే పని దూడే చూసుకుంటుంది. పాలు తగ్గుతాయి, నిజమే. మీకో సాయంత్రం దొరుకుతుంది. మడులు సగమే వేసి, మిగతా వాటి మీద ఎండుగడ్డి మందంగా పరిచేయండి, కలుపు పని చాలావరకు తప్పుతుంది. మీరు హుషారుగా ఉన్న వారంలో ఎంత చేయగలరన్నది లెక్కలోకి తీసుకోకండి. ఇంట్లో ఇద్దరికి జ్వరం వచ్చిన వారంలో ఎంత నెట్టుకురాగలరో, మీ పొలం అంతే ఉండాలి.

చదువు విషయంలో మీరు అనవసరంగా భయపడుతున్నారు. తరగతి నిండా పిల్లలకు చెప్పడం వేరు, పక్కన కూర్చున్న ఒక్కరికి చెప్పడం వేరు. మీ పాపకు రోజుకు రెండు గంటలు శ్రద్ధగా చెబితే సరిపోతుంది. బాబుకు గంట, అదీ పావుగంట చొప్పున. చదవడం, రాయడం, లెక్కలు మాత్రం తప్పకూడదు. పొద్దున పాలు పితికి, చేతులు కడుక్కుని నేరుగా పాఠానికే వెళ్లి కూర్చోండి. అంట్లు అలాగే పడి ఉండనీండి.

మిగతా చదువుకి మీ పొలమే చాలా ఇస్తుంది. కోడి గుడ్లు పొదగడానికి కూర్చున్నప్పుడు గుడ్లమీద బాబు చేత పెన్సిల్‌తో తేదీ వేయించండి. వారం తిరిగాక చీకటి గదిలో ఒక గుడ్డును టార్చి వెలుగుకు ఆనించి చూపించండి. సాలీడు కాళ్లలా ఎర్రటి సన్నటి నరాలు కనిపిస్తాయి. కొన్నిటిలో ఏమీ కనిపించదు. ఎందుకని వాడే అడుగుతాడు. పిల్లలు బయటికొచ్చే దాకా, అంటే దాదాపు 21 రోజులు, వాడు క్యాలెండర్ చూస్తూనే ఉంటాడు. అంకెలు నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అలాగని ‘పొలంలో ప్రతి పనీ పాఠమే’ అని సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. తొమ్మిదేళ్ల పిల్ల పొద్దంతా చెల్లెల్ని ఎత్తుకుని తిరగడం చదువు కాదు, చాకిరీ. ఆ బరువు ముందు ఆ పిల్ల చంకలోంచి దింపాలి. ఇంకోటి, పుస్తకం చూడగానే పాప మొహం తిప్పుకుంటుంటే మీ ఓపిక లేకపోవడం వల్లే అనుకోకండి. కంటి పరీక్ష చేయించండి. అక్షరాలు పోల్చుకోవడంలోనే ఇబ్బంది ఉందేమో నిపుణులకు చూపించండి.

ఇక మీవారు. ‘అడిగితే సాయం చేస్తారు’ అని రాశారు. గుర్తు పెట్టుకోవడం, అడగడం, అయిందా లేదా అని మళ్లీ చూసుకోవడం కూడా పనే కదా! ఆ పనంతా ఇప్పుడు మీదే. ఆయన్ని సాయం అడగడం మానేసి, ఏదో ఒకటి మొత్తంగా అప్పగించండి. కోళ్లు ఆయనవి అనుకుంటే దాణా తెప్పించడం, నీళ్లు పెట్టడం, రాత్రి గూడు తలుపు వేయడం అన్నీ ఆయనవే. మీరు గుర్తు చేయకూడదు. మొదట్లో ఏదో ఒకటి మరిచిపోతారు, నోరు కట్టేసుకోండి. పొద్దున మీరు పాఠం చెప్పే గంటైనా చిన్నది ఆయన దగ్గరుండాలి, మీటింగులు ఆ తర్వాతే పెట్టుకోమనండి.

ఇదంతా సాయంత్రం గొడవ మధ్యలో మాట్లాడితే తేలదు. పిల్లలు పడుకున్నాక కాగితం తీసుకుని, నిద్ర లేచింది మొదలు ఎవరు ఏం చేస్తున్నారో ఇద్దరూ కలిసి రాయండి. ‘కోరి తెచ్చుకున్నది’ ఎవరో అప్పుడు చూద్దాం. ఆ పాలు ఆయనా తాగుతున్నారుగా.

మీ అరుపుల గురించి. నిద్ర చాలని మనిషి అరుస్తుంది, దాన్ని బట్టి మీరు చెడ్డ తల్లి అయిపోరు. అరిచిన రోజు పిల్లలకు ‘నాది తప్పు’ అని రెండు ముక్కల్లో చెప్పేయండి, సంజాయిషీ అక్కర్లేదు. అయితే పని తగ్గించాక కూడా రెండు వారాలకు పైగా ఏడుపు ఆగకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్ని కలవండి. అలసటకీ డిప్రెషన్‌కీ తేడా బయటికి తెలియదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

బడి సంగతి మూడు నెలలు పక్కన పెట్టండి. ఇంటి చదువుకు మీరుండే చోట ఉన్న నిబంధనలు ఒకసారి చూసుకోండి, కొన్ని దేశాల్లో నమోదు చేయించాలి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. గడువు అయ్యాక పాపను కూడా కూర్చోబెట్టి అడగండి. తోటి పిల్లలు కావాలంటే, బడికి వెళ్తానంటే పంపించండి, అందులో మీరు ఓడిపోయింది ఏమీ లేదు. ఈలోగా అత్తగారితో వాదించకండి. వారానికి రెండు పూటలు చిన్నదాన్ని చూసుకోమని అడగండి. అంత సలహా ఇచ్చిన మనిషి కాదనరు.