నీ వేగువాడికి యాస నేర్పు

చిరంజీవి రవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో వాన బాగా కురిసింది. మూడో పేజీకొచ్చేసరికి కోపమొచ్చింది. 1581లో, జపాన్‌లోని ఇగా సీమలో, పట్టపగలు నీ నింజా కథానాయకుడు నల్లముసుగు వేసుకుని సంతలో నడిచిపోతాడు. ఒక్కరూ తలెత్తి చూడరు!

ఆ నల్లబట్టలు బొమ్మల్లోంచీ నాటకాల్లోంచీ వచ్చినవి. 1817 నాటి జపాన్ చిత్రకారుడు హొకుసాయి బొమ్మల్లో నల్లబట్టల మనిషొకడు తాడు పట్టుకుని ఎక్కుతుంటాడు. అప్పటికి పెద్ద యుద్ధాలు ముగిసి సుమారు 180 ఏళ్లు. అంతకు చాలా ముందే, 1681లో, నతోరి మసతాకె నింజా విద్య మీద 'షోనింకి' అనే పుస్తకం రాశాడు. అందులో వేషాలు ఏడు: పిల్లనగ్రోవి ఊదే కొముసో, బౌద్ధ భిక్షువు, కొండల్లో సాధన చేసే యమబుషి, వర్తకుడు, గారడీవాడు, సరుగాకు అనే పాతకాలపు నాటకాలాడే నటుడు, చివరిది మామూలు మనిషి. వెంట ఉండాల్సిన వస్తువులు ఆరు: అల్లిన టోపీ, కొక్కెం తాడు, బలపం, మందులు, మూడడుగుల తువాలు, నిప్పు రాజేసుకునే సరంజామా. కత్తి ఈ ఆరింటిలో లేదు. నువ్వు పేజీకి పది చొప్పున విసిరించిన నక్షత్రపు చక్రాలూ లేవు. బలపం మాత్రం ఉంది. ఎందుకో ఆలోచించు.

'నింజా' అనే పలుకుబడి కూడా ఇరవయ్యో శతాబ్దంలోనే జనంలోకి వచ్చింది. ఆనాటి మాట 'షినోబి'. దానికి మన భాషలో చక్కగా సరిపోయే మాట వేగు. వేగువాడి పని చంపడం కాదు, చూసింది చూసినట్టు ప్రాణాలతో తిరిగొచ్చి చెప్పడం. పోరాటం జరిగిందంటే పని చెడినట్టే. అధ్యాయానికో పోరాటం, అట్టమీద ముసుగు లేకపోతే పుస్తకం కదలదని చెప్పే సంపాదకులు చాలా మంచి కథల్ని ఇలాగే పాడుచేశారు. వాళ్ల మాట వినకు.

నీళ్ల మీద నడిచే ఘట్టం తీసెయ్. ఫుజిబయాషి యసుతాకె 1676లో కూర్చిన షినోబి విద్యా గ్రంథం 'బన్సెన్‌షూకాయి'లో మిజుగుమో అనే గుండ్రటి చెక్కచట్రం బొమ్మ ఉన్న మాట నిజమే. వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. లెక్క నువ్వే వేసుకో: ఖాళీల్లేని పలక అనుకుని, రెండున్నర సెంటీమీటర్ల మందం ఇచ్చినా, పూర్తిగా మునిగితే తోసేది ఎనిమిది లీటర్ల నీళ్లు. రెండు కాళ్లకూ కలిపి పదహారు. అందులోంచి చెక్క బరువు తీసెయ్యాలి. అరవై కిలోల మనిషి తేలాలంటే అరవై లీటర్లు కావాలి. ఇక కాళ్లు రెండు పక్కలకీ జారిపోవడం వేరే సంగతి. బురదమడుగు దాటడానికో, మీద కూర్చోవడానికో వాడి ఉంటారని కొందరి ఊహ.

హత్తోరి హంజోని పొగలో మాయం చేశావు. ఆయన మికావా సీమలో పుట్టిన సమురాయ్, తొకుగావా ఇయెయసు అనే ప్రభువు కొలువులో సైన్యాధికారి. 1582లో ఇయెయసు మిత్రుడైన ప్రభువు నొబునగా చనిపోయాక ఇయెయసు ఇగా కొండదారిన తప్పించుకున్నప్పుడు స్థానికులు తోడొచ్చారు, హంజో తండ్రిది ఇగా వైపే కావడం కలిసొచ్చింది. సమురాయ్ ఒక జాతి, నింజా ఇంకో జాతి అన్నట్టు రాశావు. ఇగా, దాని పక్కనున్న కోకా సీమల షినోబిలు చాలామంది పొలం దున్నుకుంటూ ఆయుధం పట్టిన చిన్న భూస్వాములే.

అసలు కథ నీకు హరా కోటలో దొరుకుతుంది. 1638, క్యూషూ దీవిలో క్రైస్తవ రైతులు లేవదీసిన షిమబారా తిరుగుబాటు. వాళ్లు ఆ కోటలో చేరారు. ప్రభుత్వ సైన్యం తరఫున కోకా నుంచి పదిమంది వెళ్లారు. చీకట్లో తిండిమూటలు ఎత్తుకొచ్చారు. ఒకసారి లోపలికి వెళ్లి, గోతిలో పడి, రాళ్లదెబ్బలు తిని, జెండా ఒకటి పట్టుకుని బయటపడ్డారు. తిరుగుబాటుదారుల్లో కలిసిపోయి ఉందామంటే మాత్రం కుదరలేదు. క్యూషూ యాస అర్థం కాలేదు, క్రైస్తవుల ప్రార్థనల మాటలు నోటికి రాలేదు. గోడ దూకడం వచ్చిన మనుషులు పక్కవాడి పలకరింపుకి జవాబివ్వలేకపోయారు.

శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు చిత్తూరు సంతలో నోరు విప్పితే రెండో మాటకే ఏ ఊరని అడుగుతారు. నీకు తెలిసిన ఈ భయాన్నే ఆ పాత్రకి ఇవ్వు.

మూడో పేజీ మళ్లీ రాయి. ముసుగు తీసి మందులు అమ్ముకునేవాణ్ణి చెయ్. మూటలో ఏ వేళ్లున్నాయో, ఏ ధరకిస్తాడో, బలపంతో దేనిమీద గుర్తు పెట్టుకున్నాడో తేల్చుకో. అప్పుడు ఒక ముసలమ్మ దగ్గుమందు అడిగి, "ఏ ఊరు నాయనా మీది?" అంటుంది. వాడి జవాబుతో ఆ పేజీ పంపించు.

ఆశీస్సులతో.