తలకు దెబ్బ తగిలాక కోపం, మతిమరుపు... టానిక్ పనిచేస్తుందా?

ప్రశ్న: మా వారికి 42 ఏళ్లు. ఐదు నెలల కిందట బైక్ మీద నుంచి పడితే తలకు దెబ్బ తగిలి, మెదడులో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చాక ఒకసారి ఫిట్స్ వస్తే మాత్రలు రాశారు. మత్తుగా ఉంటోందని నెల కిందట మానేశారు. చీటికిమాటికి కోపం, చెప్పింది గుర్తుండదు. నిద్ర పట్టక మందుల షాపులో అడిగి అల్ప్రాజోలామ్ వేసుకుంటున్నారు. రెండు వారాలుగా తలనొప్పి అంటున్నారు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పండి. ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లొచ్చు?

జవాబు: మీరు చివర్లో రాసిన తలనొప్పి గురించి ముందు చెబుతాను. దెబ్బ తగిలిన కొన్ని వారాలు, నెలల తర్వాత కూడా మెదడు పైపొరల కింద రక్తం నెమ్మదిగా చేరవచ్చు. మీ వారికి అదేనని ఉత్తరం చూసి చెప్పలేను, కాదని కూడా అనలేను. ఒకట్రెండు రోజుల్లో ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి. సీటీ స్కాన్ అవసరమేమో వారు చూస్తారు. వాంతులు, మగత, నడకలో తూలడం, మాట తడబడటం, ఒకవైపు చేయి, కాలు బలహీనపడటం, మళ్లీ ఫిట్స్... వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక మాత్రలు. ఫిట్స్ ఒకసారి వచ్చిన మనిషి మందు సొంతంగా మానేయడమేమిటమ్మా? మత్తుగా ఉంటే డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. ఆ మాట డాక్టర్‌తో అనాలి కదా! ఫిట్స్‌కు ఇచ్చే వాటిలో లెవెటిరాసెటమ్ అనే మందైతే కొందరిలో కోపం, చిరాకు పెంచుతుంది. మానేశాక కోపం తగ్గిందో లేదో మీరు రాయలేదు, డాక్టర్‌కు మాత్రం చెప్పండి. పాత చీటీ చూసి మీరే మళ్లీ మొదలుపెట్టొద్దు. ఈరోజే ఫోన్ చేసి అడగండి.

అల్ప్రాజోలామ్ సంగతి ఇంకా ఇబ్బంది. అసలే మతిమరుపు ఉన్నవారికి అది జ్ఞాపకశక్తిని మరింత దెబ్బతీస్తుంది, తూలి పడేలా చేస్తుంది. అలాగని రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపకూడదు, దానివల్లా ఫిట్స్ రావచ్చు. ఎన్నాళ్లుగా, ఎంత వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి, మెల్లగా తగ్గిస్తారు. మద్యం అలవాటు ఉంటే అది కూడా చెప్పాలి. తలనొప్పికి బిళ్లలు కొని ఇస్తుంటే, ముఖ్యంగా ఆస్పిరిన్ లాంటివి, డాక్టర్ చూసేదాకా వద్దు.

మీరడిగిన టానిక్ ఏదీ లేదు. నుదుటి వెనకున్న మెదడు భాగం దెబ్బతింటే కోపాన్ని అదుపు చేసుకోవడం నిజంగానే కష్టమవుతుంది, కావాలని చేస్తున్నారనుకోకండి. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాతా రెండేళ్ల వరకూ, కొందరిలో అంతకు మించీ సాగుతుంది. న్యూరోసైకాలజిస్ట్ (జ్ఞాపకశక్తి, ప్రవర్తన పరీక్షించే నిపుణులు), ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదు ఇచ్చేవారు) దగ్గరికి పంపమని అడగండి. ఉద్యోగం వారి పరీక్షల తర్వాతే, అదీ తక్కువ గంటలతో మొదలు. బండి మాత్రం డాక్టర్ రాసిచ్చే వరకూ ముట్టనీయకండి.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, పాత స్కాన్లు, ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి, షాపులో కొన్నవాటితో సహా.